పాలు పొంగేలోపు

నేను ఒక ఇత్తడి గిన్నెను. పుట్టిల్లు అజ్జరం. ఆ పేరు చెబితే గోదావరి జిల్లాల్లో ఇంకో పరిచయం అక్కర్లేదు. మా ఊళ్లో నాతోపాటు పుట్టిన గంటలు గుళ్లకెళ్లి మోగుతున్నాయి, బిందెలు పెళ్లిళ్లలో ఊరేగుతున్నాయి. వాళ్ల భోగం చూసి మొదట్లో నాకు కాస్త కడుపుమంటగా ఉండేది. నా ఉద్యోగమల్లా ఏ నాలుగేళ్లకో ఐదేళ్లకో ఒక్క పూట పొయ్యెక్కడం, మిగతా కాలం అటక మీద కూర్చోవడం. ఒంటికి సుఖమే గాని పేరు ప్రతిష్ఠలు లేని కొలువు.

నన్ను చేసినాయన సుత్తి వేస్తూ కూనిరాగాలు తీసేవాడు. అందుకే నా ఒంటి మీద దెబ్బలన్నీ తాళం తప్పకుండా వరసగా ఉంటాయి. చివర్న నా అంచును బయటికి వంచి, లోపలికి మడిచి, పట్టుకుంటే చెయ్యి కోసుకోకుండా నున్నగా చేశాడు. లోపల కళాయి పూయించాడు. ఆ అంచు మడత గురించి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పని ఉంది.

కాకినాడ బజార్లో నన్ను కొన్నవాళ్లు గవర్రాజు గారు, ఆయన భార్య పేరిందేవి గారు. అప్పుడే జగన్నాథపురంలో ఇల్లు కట్టుకున్నారు. ముందు వాటాలో వాళ్లు, వెనక వాటా అద్దెకి. గవర్రాజు గారిది దస్తావేజు లేఖరి పని. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చుని ఊరందరి క్రయ పత్రాలూ, అద్దె పత్రాలూ రాసేవారు. ఆయన చేతి రాత పడని ఇల్లు ఆ పేటలో లేదంటారు. ఒక్క ఆయన ఇల్లు తప్ప.

మొదటిసారి వెనక వాటాలో దిగడానికొచ్చిన బ్యాంకు గుమస్తా గుమ్మంలోనే అడిగాడు, "అగ్రిమెంటు ఎప్పుడు రాసుకుందామండీ?" అని.

గవర్రాజు గారు పడీ పడీ నవ్వారు. "పొద్దస్తమానం నేను రాసేదదేనయ్యా బాబూ. ఇంటికొచ్చి కూడా రాయమంటావేంటి? నేను రాసిన కాయితాల్లో సగం కోర్టు మెట్లెక్కేయి. కాయితం లేకపోతే ఆ బెడదే ఉండదు."

"మరి షరతులవీ..."

"పాలు పొంగించు. పొంగేలోపు నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు, నేను చెప్పాల్సింది నేను చెప్తాను. పొంగేక కొత్త షరతు లేదు. నీకూ లేదు, నాకూ లేదు."

అదిగో, ఆ ఒప్పందానికి సాక్షిని నేను. కొత్త ఇంట్లో పాలు పొంగించడం మనవాళ్లందరికీ ఉన్న ఆచారమే. పొయ్యి మీద పాలుండగా షరతులన్నీ నోటితో తేల్చుకోవడం మాత్రం గవర్రాజు గారి సొంత చట్టం. అద్దెకొచ్చేవాళ్ల గిన్నె పనికిరాదు, ముందు వాటావారి గిన్నెలోనే కాగాలి. పొంగిన పాలు రెండు వాటాలవాళ్లూ తాగాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న మాట మీద అంత నమ్మకం ఆయనకి.

నమ్మకం సంగతెలా ఉన్నా, ఆ కాసేపట్లో మనుషులు పడే కంగారు చూడాలి. సన్నమంట మీద పెట్టమని ఒకరు గొణుగుతారు, పెద్దమంట పెట్టేస్తే గొడవ వదిలిపోతుందని ఇంకొకరు. ఒకసారి హిందీ పండితుడొకాయన తన దగ్గర హార్మోనియం ఉందన్న మాట పాలు పొంగాక చెప్పాడు. పొంగిపోయాయి గనక గవర్రాజు దంపతులు నోరు మెదపడానికి లేదు. ఆయన బదిలీ అయ్యేదాకా తెల్లవారుజామున సరిగమలు భరించారు. ఇంకోసారి గోడలకి మేకులు కొట్టొద్దని చెప్పడం పేరిందేవి గారు మరిచిపోయారు. ఆ వచ్చినవాళ్లు చనిపోయిన తాతముత్తాతలందరి ఫొటోలూ తగిలించారు. ఆ తర్వాత నా అడుగున మంట వెలగడం ఆలస్యం, ఆవిడ నోట మొదటొచ్చే మాట "మేకులు కొట్టకూడదండోయ్" అన్నదే. ఇన్నేళ్లలో తగువులు రాలేదని చెప్పను. ఒక్కటీ గుమ్మం దాటి వెళ్లలేదు.

తర్వాత గవర్రాజు గారు పోయారు. వెనక వాటాలో ఉన్నవాళ్లు బదిలీ మీద వెళ్లారు. ఆ వాటాకి తాళం పడింది, నాకు దుమ్ము పట్టింది. పేరిందేవి గారి తమ్ముడు విశాఖపట్నం నుంచి ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట, ఒంటరిగా ఎందుకు, ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యమని. ఆవిడ "చూద్దాంలేరా" అనేవారు. ఆ ఇంట్లోనే కన్నుమూయాలని ఆవిడ కోరిక. అయితే ఆ కళ్లే ఆవిణ్ని మోసం చేస్తున్నాయి. బియ్యంలో రాళ్లు చేతివేళ్లతో తడిమి ఏరేవారు, పాల ప్యాకెట్టు మీద తేదీ ముక్కు దగ్గర పెట్టుకుని చదివేవారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తమ్ముడు మర్నాడే కారు తెస్తాడని భయం.

అలాంటి రోజుల్లో నీలవేణి వచ్చింది. ఆర్టీసీ బస్సులో కండక్టరు. భర్త అదే డిపోలో డ్రైవరుగా చేస్తూ చనిపోతే ఆ ఉద్యోగం ఈమెకి ఇచ్చారు. ఉన్నది ఇద్దరే, ఆమె, అత్తగారు అప్పాయమ్మ. పుట్టింటికి పోకుండా అత్తగారిని వెంటేసుకు తిరుగుతున్న కోడలు. నేనైతే ఆ ఒక్క ముక్కకే ఇల్లిచ్చేద్దును. మనుషులు అలా ఇవ్వరు. ఆమె ఇల్లు అడిగిన చోటల్లా "ఇంట్లో మగవాళ్లెవరూ లేరా?" అని ఒకరు, "డ్యూటీ దిగేసరికి ఎంతవుద్ది?" అని ఇంకొకరు. యానాం ఆఖరి ట్రిప్పు దిగేసరికి పదిన్నరవుద్దని చెప్పగానే ఆ ఇల్లు అంతకుముందే వేరేవాళ్లకి ఇచ్చేసినట్టు ఇంటివాళ్లకి గుర్తొచ్చేది. ఉన్న ఇల్లేమో యజమాని కూతురు కాపురం పెడుతుందని ఖాళీ చెయ్యమన్నారు.

పేరిందేవి గారు కూడా ఆ పదిన్నర దగ్గర ఆగారు. "నేను తొమ్మిదింటికే గేటుకి తాళం వేసేస్తానమ్మాయ్. ఒంటిదాన్ని కదా. సరే, ఏకాదశి మంచిది, సామాను తెచ్చేసుకో. ఆ గేటు సంగతి పాలు పొంగేలోపు మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ ఏకాదశి పొద్దున్న నన్ను అటక మీంచి దింపారు. గవర్రాజు గారు పోయాక నేను పొయ్యెక్కడం అదే మొదలు. ఆవిడ మనసు ఎలా ఉందో నాకు తెలుసు, నన్ను తడిమిన చేతుల్లోనే తెలిసింది. మెరిసిపోవాలని గుప్పెడు చింతపండు నాలోనే నానేసి, ఆ గుజ్జుతో నా ఒళ్లంతా రుద్దారు. బాగా రుద్దారు గాని తొలవడం దగ్గర ఒక్క చెంబు నీళ్లతో సరిపెట్టారు. నా లోపలంతా గుజ్జు పూత. అంచు మడతలో ఒక పీచు ఇరుక్కుని ఉంది. అది నాకు పొద్దుటినుంచీ చక్కిలిగిలి పెడుతూనే ఉంది. చెప్పడానికి నాకు నోరేదీ?

వీధిలో ట్రాలీ ఆటో ఆగింది. మంచం, బీరువా, బస్తాలు. ఆ సామాను పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అప్పాయమ్మ కూర్చుంది. పక్కింటి మంగతాయారు గారు పిలవకుండానే వచ్చారు. "అత్తాకోడళ్లిద్దరూ పసుపు కుంకాలు లేనివాళ్లే. వదినగారూ, పొయ్యి మాత్రం ముత్తయిదువ చేత వెలిగించండి" అని, ఆ ముత్తయిదువ తానేనని చెప్పకుండానే అగ్గిపెట్టె అందుకున్నారు.

మంట వెలిగింది. "మేకులు కొట్టకూడదు" అన్నారు పేరిందేవి గారు. "కొట్టమండి" అంది నీలవేణి. మోటారు పొద్దున్నే ఒకసారి వెయ్యాలి. వేస్తామండి. కరివేపాకు కోసుకోవచ్చు గాని కొమ్మ విరవకూడదు. విరవమండి. టిక్కెట్లు కొట్టే మనిషి కదా, జవాబులు టకటకా పడుతున్నాయి.

"మరి నాదొకటేనండి పిన్నిగారూ" అని ఆమె గొంతు తగ్గించింది. "ఆ గేటు..."

అప్పుడే నా కడుపులో పాలు విరిగిపోయాయి.

ముద్దలు ఒకవైపు, నీళ్లొకవైపు. ముందు తేరుకున్నది మంగతాయారు గారే. "రామ రామ! గవర్రాజు అన్నయ్యగారి ఇంట్లో ఏనాడైనా ఇలా జరిగిందా? కోరి కొరివితో తల గోక్కోకండి వదినగారూ. కాయితమా ఏమన్నానా, మాటే కదా. వద్దంటే వద్దు."

నీలవేణి పొయ్యి కట్టేసింది. "పోన్లెండి పిన్నిగారూ, మీకు చెడ్డ జరిగితే నాకూ బాధే" అని బయటికొచ్చి, "అత్తా, లెగు" అంది.

"ఎక్కడికే?" అంది అప్పాయమ్మ.

నీలవేణి పాత ఇంటి తాళాలు పొద్దున్నే ఇచ్చేసింది. చెప్పడానికి ఒక్క చోటు లేదు. నాకు ఏడుపొచ్చింది. ఇత్తడికి ఏడుపేమిటని నవ్వకండి, కాగినవాళ్లకి తెలుస్తుంది.

పేరిందేవి గారు గరిటెతో ఆ విరుగుడు కాస్త తీసి నాలిక మీద వేసుకున్నారు. పులుపు! ముఖం మారిపోయింది. పమిట చెంగుతో నన్ను దింపి, అంచు చుట్టూ వేలు పోనిచ్చారు. మడతలో పీచు తగిలింది. దాన్ని లాగి వేళ్ల మధ్య పెట్టుకుని నిలబడిపోయారు. ఆ పీచు చెత్తబుట్టలో వేసి ఊరుకుంటే ఆవిణ్ని అడిగే నాథుడు లేడు. శకునం మీద నెట్టేస్తే ఆవిడ కళ్ల సంగతి ఈ జన్మకి బయటపడదు. ఎంతసేపు ఆలోచించారో గాని నాకు మాత్రం కళాయి ఊడిపోతుందేమో అన్నంత సేపు అనిపించింది.

"తాయారూ, ఇది శకునం కాదమ్మా, చింతపండు" అన్నారు చివరికి. "పొద్దున్న దీన్ని తోమింది నేనే. ఇంత పీచు నా కంటికి ఆనలేదు. ఇదొక్కటే కాదు, ఈమధ్య ఏదీ ఆనట్లేదు."

"ఏదైతేనేం వదినగారూ? పొంగలేదు కదా!"

"పొంగలేదు. పొంగలేదు గనక ఇంకా షరతు చెప్పొచ్చు. ఆయన పెట్టిన చట్టమే. అమ్మాయ్ నీలవేణీ, ఇలా రా."

నీలవేణి గుమ్మంలోకి వచ్చింది.

"గేటు తాళం చెవి ఇక నీ దగ్గరే. నువ్వు రాత్రి ఎన్నింటికొచ్చినా నా కిటికీ దగ్గర ఆగి ఒక కేక వెయ్యాలి. నేను పలికేకే నీ వాటాలోకి వెళ్లాలి. పలక్కపోతే తలుపు తోసుకునొచ్చి చూడాలి. ఇదే నా ఆఖరి షరతు. ఇష్టమైతే ఉండు, లేకపోతే లేదు."

యానాం బస్సులో ముందు సీటు నుంచి వెనక సీటుదాకా వినపడే గొంతు నీలవేణిది. ఆ పూట తల మాత్రం ఊపింది. ఆ తల ఊపడం ఆవిడకి సరిగ్గా కనపడలేదు కాబోలు, "ఊఁ అను, ఊఁ అను" అని గద్దించారు. అప్పుడు ఇద్దరూ నవ్వారో ఏడ్చారో నేను విడదీసి చెప్పలేను.

"బెల్లం ఉందా తల్లీ?" అని కుర్చీలోంచి అప్పాయమ్మ అరిచింది. పాలు పారబొయ్యడం ఆమెకి చేతకాదు. విరుగుడు వడకట్టి, నన్ను శుభ్రంగా తోమి, బెల్లం వేసి మళ్లీ నాలోనే దగ్గరపడేదాకా తిప్పింది. రెండు వాటాలవాళ్లూ అదే తిన్నారు. మంగతాయారు గారు ఆ అపశకునాన్ని రెండుసార్లు వడ్డించుకున్నారు.

మంచిరోజు చూసి మళ్లీ పాలు పొంగిద్దాం అనుకున్నారు. ఆ మంచిరోజు ఇప్పటికీ రాలేదు, వాళ్లు రానివ్వడం లేదు. ఎందుకంటే పాలు పొంగనంతకాలం షరతులు చెప్పుకోవచ్చన్న రుచి అందరూ మరిగారు. "పాలింకా పొంగలేదు గదండీ, నాదీ ఒక షరతు" అని నీలవేణి ఆవిణ్ని కంటి ఆసుపత్రికి లాక్కెళ్లింది. శుక్లాలు తీశారు. నన్ను చూసి ఆవిడ మొదట అన్నమాట, "ఓసి, నీకిన్ని సొట్టలున్నాయా!" కోపమొచ్చింది గాని క్షమించాను. సాయంత్రం సీరియలు ముందు వాటాలో పెద్ద టీవీలో చూస్తానని అప్పాయమ్మ తన షరతు పెట్టింది. మేకు మాత్రం ఒకటి కొట్టుకోవచ్చని సవరణ కూడా అయింది. ఆ మేకుకి నీలవేణి భర్త ఫొటో ఉంది.

మొన్నామధ్య తమ్ముడుగారు స్టాంపు కాయితంతో సహా దిగారు. పదకొండు నెలలకి రాసుకో అక్కా, రేపు వాళ్లు కదలకపోతే ఏం చేస్తావన్నారు. "పాలు పొంగేక రాద్దాంలేరా" అన్నారావిడ తాపీగా. కదిలితే ఏం చెయ్యాలన్నదే ఆవిడ బెంగ అని ఆయనకి తెలియదు. పాపం, పొయ్యి వైపు రెండుసార్లు చూసి, కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు నా చోటు అటక మీద కాదు. ముందు వాటా కిటికీ పక్కన బల్ల మీద పెట్టారు. పదిన్నరకి గేటు చప్పుడవుతుంది. "పిన్నిగారూ, వచ్చేశానండీ!" అని కేక పడుతుంది. లోపల్నుంచి, "విన్నాన్లే, గేటేసుకుని పడుకో" అని జవాబు. ఆ కండక్టరు గొంతు తగిలి నా అంచు సన్నగా మోగుతుంది. మా అజ్జరం గంటల మీద నాకు కడుపుమంట అన్నాను చూడండి, అది పోయింది.