స్వభావోక్తికి అర మార్కు

సింకు జాలీలో అడ్డుపడిన ఎంగిలిని వేళ్లతో తోడుతుంటే, మా ఆయన వెనకనుంచి వచ్చి చెప్పాడు. "రాసేటప్పుడు నాలుగు ఉపమలు తగిలించు. నీ మీదే కదా, మొహమాటపడకు."

మర్నాటికి మా పెళ్లయి పాతికేళ్లు. హాలు మాట్లాడారు, మైకు ఉంటుంది. అందులో ఆయన నన్ను పొగడాలి, ఆ పొగడ్త నేనే రాసివ్వాలి. ఆయన ఆఫీసు వీడ్కోలు సభలకీ, మరిది పెళ్లికీ రాసింది నేనే. ముందు ఒక్కసారైనా చూసుకోడు. మైకు దగ్గరే మడత విప్పి గడగడా చదివేస్తాడు. మా వాడికి మాటలు పుట్టుకతోనే వచ్చాయని అత్తగారు మురిసిపోతుంది. నేను బళ్లో పాఠాలు చెప్పడాన్ని మాత్రం కాలక్షేపం అంటుంది.

సబ్బుతో ఎంత రుద్దినా వేళ్లకి ఆ వాసన పోలేదు. ఆ వేళ్లతోనే ఓ పేజీ రాశాను. భూమంత ఓర్పు, కొవ్వొత్తిలా కరిగే గుణం, ఇంటికి దీపం. కరిగిపోవడంలో గొప్పేముంది? ఆ వెలుగులో కూర్చుని భోంచేసినవాళ్లే కదా రేపు చప్పట్లు కొట్టేది.

కాగితం పక్కకి తోసి, ముందురోజు దిద్దిన ఏడో తరగతి పేపర్లకి మొత్తాలు వేయడం మొదలుపెట్టాను. అలంకారాల ప్రశ్న. ముప్పై ఎనిమిది మందిలో ముప్పై మంది అమ్మని దేవతనో కొవ్వొత్తినో చేశారు. అన్నిటికీ రెండుకి రెండు మార్కులు. తరగతిలో అందరూ పిచ్చుక అని పిలిచే బక్కపిల్ల మాత్రం స్వభావోక్తికి ఇలా ఉదాహరణ రాసింది: "మా అమ్మ అందరూ తిన్నాక వంటింట్లో నిలబడి, గిన్నె అడుగున మిగిలింది గీక్కుని తింటుంది. నాన్న పిలిస్తే నోట్లోది మింగకుండానే పరిగెత్తుతుంది."

ఉన్నది ఉన్నట్టు కళ్లకు కట్టేలా చెప్పడమే స్వభావోక్తి అని బోర్డు మీద రాసింది నేను. ఆ జవాబు పక్కన ఎర్ర సిరాతో "అందం లేదు, అర మార్కు" అని రాసిందీ నేనే.

నా మీద నాకే రోత పుట్టింది, సింకులో చెయ్యి పెట్టినప్పటికన్నా ఎక్కువ. ఆయన అడిగితే నేను ఒక పేజీ అబద్ధం రాశాను, సరే. ఈ పిల్లలకి ఆ అబద్ధాన్నే నేర్పించమని నన్నెవరడిగారు?

అర మార్కు కొట్టేసి రెండు వేశాను. పక్కన "తప్పు నాది" అని రాసి సంతకం పెట్టాను. తర్వాత నా పేజీ చింపి, కొత్తది తీశాను.

"నా భార్య ఐదింటికి లేస్తుంది. మా అందరి ఎంగిలీ సింకులోంచి చేత్తో తీస్తుంది. జ్వరంతో వండిన రోజు, ఉప్పు తగ్గిందన్నాను. తను తిన్నదో లేదో పాతికేళ్లలో నేనొక్కసారీ అడగలేదు. నేను చదువుతున్న ఈ కాగితం కూడా తనే రాసింది."

మర్నాడు హాలు గుమ్మం దగ్గర ఆ మడత ఆయన చేతిలో పెట్టాను. "ఒకసారి చూసుకోండి," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"నువ్వు రాశాక చూసేదేముంది," అంటూ జేబులో పెట్టుకుని వేదికెక్కాడు.

నేను మొదటి వరసలో అత్తగారి పక్కన కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకుని మడత విప్పాడు.

"మా వాడు ఎంత బాగా మాట్లాడతాడో విను," అంది అత్తగారు.

"వినడానికే వచ్చానత్తయ్యా," అన్నాను.