డ్రమ్స్ అడుగున గొంతు

మా స్టూడియోలో రికార్డింగ్ అంటే ముందు ఫ్యాన్ ఆపడం. తర్వాత జేబుల్లో చిల్లర, చేతి వాచీ, గాజులు, చప్పుడు చేసేవన్నీ తీసి బయట బల్ల మీద పెట్టాలి. తలుపు మూశాక ఇక చెమటలూ ఎదురుచూపులే. పక్క మెట్ల మీద ఎవరైనా బరువు ఈడ్చుకెళ్ళినా మళ్ళీ మొదటికి రావాలి. మా గిటారిస్టును అందరూ బావ అంటారు, ఎవరికి బావో ఇంతవరకూ తేలలేదు. వాడి తీగలు శ్రుతిలోకి వచ్చేసరికి మనకు జుట్టు నెరుస్తుంది. నేను డ్రమ్స్ వాయిస్తాను. బ్యాండ్‌లో అందరికంటే గట్టిగా మోగేదీ నేనే, గట్టిగా తిట్టేదీ నేనే.

పాడేది మా చెల్లెలు. పాటలు రాసేది కూడా తనే. అందులో ఒకటి తన కూతురి కోసం రాసుకుంది. పిల్ల ఇంకా పాకుతోంది. పెద్దయ్యాక అమ్మ గొంతులో ఆ పాట వినాలని చెల్లెలి ఆశ. మిగతా ఆల్బమ్ ఎలా పోయినా ఫరవాలేదు, ఆ ఒక్క పాటా బాగా రావాలని నన్ను చంపుకు తినేది.

ఇక్కడ పని ఎలా జరుగుతుందో చెప్పాలి. ముందు వాయిద్యాలు రికార్డు చేస్తారు, గొంతు ఆఖర్న. వాయించేవాళ్ళు దారి తప్పకుండా పాడే మనిషి ఉత్తుత్తిగా ఒకసారి పాడుతుంది. దాన్ని గైడ్ అంటారు. పనైపోగానే చెరిపేస్తారు. గైడ్ పాడేవాళ్ళు మామూలుగా అద్దం అవతల గదిలో ఉంటారు. మా చెల్లెలు మాత్రం నా గదిలోనే, నాకెదురుగా నిలబడేది. తన పెదాలు కనబడకపోతే నాకు చేతులు ఆడవు. చిన్నప్పుడు వంటింట్లో గిన్నెలు బోర్లించి వాయించే రోజుల నుంచీ అంతే. చెల్లెలి గొంతు డ్రమ్స్ మైకుల్లోకి దూరుతోందని సౌండింజినీరు గొణిగేవాడు. అసలు పాట వచ్చి మీద పడితే అది ఎవడికీ వినబడదు లెమ్మని నేను కసిరేవాణ్ణి.

ఒకసారి టీ తాగుతుంటే బావ చెల్లెలి గైడ్ ఒకటి పెట్టి వినిపించాడు. చరణం మధ్యలో పెద్ద ఆవలింత ఉంది. అందరూ పడీ పడీ నవ్వారు, చెల్లెలు మూతి ముడుచుకుంది. అప్పటి నుంచి నా డ్రమ్స్ ఓకే అనిపించుకోగానే దగ్గర కూర్చుని గైడ్ చెరిపించేది. ఆ చెత్త ఎవరైనా వింటే తన పరువేం కావాలని దబాయించేది. ఇంజినీరు శుభ్రత ఎక్కువైన మనిషి. చెరిపినవాటిని కంప్యూటర్ చెత్తబుట్టలో కూడా ఉంచేవాడు కాదు.

వాయిద్యాలన్నీ అయ్యాయి. తన వంతు వచ్చిన రోజు చెల్లెలు మైకు ముందు నిలబడి నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ పాట రాలేదు.

గొంతులో కాయ ఉందన్నాడు డాక్టరు. ఆపరేషన్ చెయ్యాలి, అప్పటిదాకా మాట కూడా బంద్. పాత గొంతు తిరిగి వస్తుందా అని అడిగితే చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం వింటేనే నాకు ఒళ్ళు మండింది, కానీ ఎవర్ని కొట్టను?

స్టూడియో ఖాళీ చెయ్యాల్సిన గడువు ముంచుకొచ్చింది. బావ ఇంకో గాయనిని తీసుకొచ్చాడు. తీసుకొచ్చే ముందు చెల్లెల్ని అడిగాడు, అడుగుతున్నప్పుడు వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడి మీద విరుచుకుపడదామంటే తప్పేమీ దొరకలేదు. చెల్లెలు అన్ని పాటలకూ తలూపింది. కూతురి పాట పేరెత్తగానే తల దించుకుంది.

అప్పుడు ఇంజినీరుకే తట్టింది. గైడ్ పోయినా డ్రమ్స్ మైకులు ఉన్నాయి కదా, వాటిలోకి దూరిన గొంతు అక్కడే ఉండాలి కదా అన్నాడు. ఇన్నాళ్ళూ నేను కసిరిన మనిషిని ఆ నిమిషం కౌగిలించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నేనూ, చెల్లెలూ, ఇంజినీరూ కూర్చుని విన్నాం. ఉంది. నా మోత వెనకాల, సన్నగా, చెల్లెలు పాడుతోంది. ఇంజినీరు చెల్లెలి గొంతు పెంచుతాడు, దాంతోపాటు నా ఇత్తడి తాళాలు లేచి చెవులకు చిల్లులు పొడుస్తాయి. నన్ను తగ్గిస్తాడు, తనూ మునిగిపోతుంది. గొంతును విడదీసే సాఫ్ట్‌వేర్ కూడా పెట్టి చూశాడు. డబ్బా అడుగున ఎవరో మూలిగినట్టు వచ్చింది. చెల్లెలు సోఫాలో ముందుకు వంగి, తన పాటకు తనే పెదాలు కదుపుతోంది.

"నన్ను తీసెయ్యండి," అన్నాను.

"ఎలా తియ్యనండీ? ఇద్దరూ ఒకే మైకులో ఉన్నారు. పాలూ నీళ్ళూ అయిపోయారు."

కొట్టిన ప్రతి దెబ్బా వరసగా వినబడుతోంది. ఎక్కడ తను గొంతు తగ్గించి పాడిందో అక్కడే నేను రెచ్చిపోయాను. ఇంత గట్టిగా కొట్టాల్సిన అవసరం ఏమొచ్చిందిరా నీకు అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తిట్టు వల్ల ఒక్క దెబ్బా తగ్గలేదు.

పాట అయిపోయింది. మళ్ళీ వాయించడానికి ముందు మేం కాస్త ఆగినట్టున్నాం, మైకులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. కింద పెడల్ మర బిగిస్తున్న కిర్రుమనే చప్పుడు వినబడింది. అది నేనే, వంగి ఉన్నాను. అప్పుడు చెవుల్లో హెడ్‌ఫోన్లు కూడా ఉండి ఉంటాయి, వాటిలో టిక్కు టిక్కుమంటూ తాళం. రికార్డింగులో మాత్రం ఆ కిర్రు మీద, ఏ మోతా లేకుండా, పక్కన కూర్చుని అన్నంత తేటగా చెల్లెలి గొంతు.

"అన్నయ్యా, గొంతులో ఏదో గుచ్చుకుంటోంది. కాసేపు ఆగుదామా?"

ఇంజినీరు ఆపబోయాడు. చెల్లెలు వద్దని చెయ్యి చూపించింది. నావైపు చూడలేదు.

పెడల్ చప్పుడు ఆగింది. నా పుల్లలు ఒకదానికొకటి తగిలాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. డ్రమ్స్ మొదలయ్యాయి. కాసేపు నేనొక్కణ్ణే వినబడ్డాను. తర్వాత, ఆ మోత అడుగున, చెల్లెలు మళ్ళీ పాట ఎత్తుకుంది.