ఇందా మోడు దగ్గర అత్తాకోడళ్ళు

నూకాలమ్మ నోటికి బెంగాల్లోని తెలుగువాళ్ళ రైల్వే కాలనీ, ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తం జడిసేది. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక కూడా ఆ నోరు మాత్రం తగ్గలేదు. రెండు క్వార్టర్ల లైన్ల అవతల ఉండే నీలవేణి స్కూటీ కొనుక్కుని బైక్ టాక్సీ తోలడం మొదలుపెట్టినప్పుడు, కుళాయి దగ్గర పదిమంది ముందూ కడిగిపారేసింది. "ముక్కూ మొగం తెలీనోల్ని ఎనకాల ఎక్కించుకుని ఆడది ఊరు తిరగడమేటి, సోద్యం కాపోతే!"

ఆర్నెల్లు తిరగలేదు, వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పదన్నాడు డాక్టరు. కొడుకు ప్రేమ్‌కుమార్ గూడ్సు బండి నడుపుతాడు. పెళ్ళి చేసుకోరా అంటే డ్యూటీ అంటాడు. ఏ రోజు ఇంట్లో ఉంటాడో వాడికే తెలీదు. ఆటోలేమో లైన్ల లోపలికి రావు. ఇంకేముంది, తిట్టిన నోటితోనే పిలిచింది. అప్పట్నించీ ఏడాదిన్నరగా మంగళవారం, శుక్రవారం నీలవేణి వెనకాల కూచుని ఇందాలో ఆస్పత్రికి వెళ్ళొస్తోంది. దారి పొడుగునా తన గోలే. కాళ్ళ పీకులు, కొడుకు మొండితనం, పక్కింటివాళ్ళ పొగరు. నీలవేణి "ఊఁ అత్తా, ఊఁ" అంటూ తోలేది.

ఈ ఎండాకాలం ఆర్డరు వచ్చింది. ఊళ్ళో బైక్ టాక్సీలు బంద్. కిరాయికి మనిషిని ఎక్కించుకున్న బండి కనబడితే పట్టుకుపోతారు. ఆర్డరు రాసినవాళ్ళకేం, కారు గుమ్మంలోకి వస్తుంది! ఆస్పత్రి డ్యూటీలకు వెళ్ళే ఆడపిల్లలు ఎండలో మెయిన్ రోడ్డు దాకా నడవడం మొదలెట్టారు. ఆటోవాడు నోటికొచ్చింది అడిగితే నోరుమూసుకుని ఇచ్చారు. అటకల మీది పాత సైకిళ్ళు కిందికి దిగాయి. నీలవేణి ఝపటాపూర్‌లో ఒక టైలర్ షాపులో పనికి కుదురుకుంది.

మంగళవారం నూకాలమ్మ పౌరుషానికి పోయి కర్ర పుచ్చుకుని బయల్దేరింది. సగం దారిలోనే ఊపిరందక కల్వర్టు మీద కూలబడితే ఎవరో ఇంటికి తెచ్చి దింపారు. డయాలసిస్ తప్పింది. గురువారానికి కాళ్ళు పొంగాయి, నాలుగు అడుగులకే ఆయాసం. ఇంకోసారి తప్పితే తన పని అయిపోయినట్టేనని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అంత నోరూ పెట్టుకుని గుమ్మంలో కూచుని గుడ్లనీరు కుక్కుకుంది.

శుక్రవారం పదకొండింటికి గుమ్మం ముందు స్కూటీ ఆగింది.

"ఎక్కత్తా. సెలవడిగొచ్చినాను."

"బండి లాక్కుపోతారంటన్నారు గదే!"

"డబ్బులు తీసుకుంటే టాక్సీ. తీసుకోకపోతే సుట్టం. ఎక్కు, హెల్మెట్టెట్టుకో."

ఇలాంటి గుండె ఎంతమందికుంటుంది చెప్పండి! ఆ బండి పోతే నీలవేణికి మరోటి కొనే తాహతు లేదు. అయినా నవ్వుతూ హెల్మెట్ బెల్టు బిగించింది.

ఇందా మోడు దగ్గర, రోడ్లు కలిసే చోట, ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. ఈవిడ నీకేమవుతుందని బెంగాలీలో అడిగాడు. "అత్త" అంది నీలవేణి. "ఆమార్ బౌమా, నా కోడలు బాబూ" అంది నూకాలమ్మ, ఆయాసపడుతూనే.

పోలీసు నవ్వాడు. "మొన్న కళ్ళద్దాల ముసలామెను ఎక్కించుకున్నావు. ఆమె కూడా అత్తే అన్నావు."

"సూసన్న టీచరు. ఆవిడా అత్తే దాదా. మా లైన్లో అందరూ అత్తలే, పిన్నులే."

"అయితే బండి పక్కన పెట్టు. స్టేషన్లో తేలుద్దాం."

నూకాలమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. బండి స్టేషనుకి పోతే తను ఆస్పత్రికి చేరేదెప్పుడు? నీలవేణి మాత్రం చెక్కుచెదరలేదు. బెంగాలీలో గడగడా చెప్పుకుపోయింది. ఈమె ఎడమ చెయ్యి ముట్టుకోకండి, సూదులు దిగేది అక్కడే. ఒంట్లో నీరు తీశాక నలభై రెండు కేజీలుండాలి, ఇవాళ తప్పకుండా ఎక్కువే ఉంటుంది. రోజుకి మూడు గ్లాసుల నీళ్ళే తాగాలి, నాలుగు తాగి మూడని చెబుతుంది. ఆవకాయ కూడదంటే బియ్యం డబ్బాలో దాచుకుని తింటుంది. సూది గుచ్చేటప్పుడు కొడుకుని తిడుతుంది, ఆ తిట్లకి నర్సులు అలవాటు పడ్డారు.

నూకాలమ్మ నోరు తెరుచుకుని వింది. ఒలమ్మో, బియ్యం డబ్బా సంగతి కన్నకొడుక్కే తెలీదు!

పోలీసు ఆమె వైపు తిరిగాడు. "మరి నువ్వు చెప్పమ్మా. నీ కోడలి తండ్రి పేరేమిటి?"

నూకాలమ్మ హెల్మెట్ బెల్టు సవరించుకుంది.

"పిల్లలెంతమంది?"

ఒకరా, ఇద్దరా? ఆడా, మగా? ఆమె నీలవేణి వైపు చూసింది. నువ్వు మాట్లాడకు అన్నట్టు పోలీసు నీలవేణికి వేలు చూపించాడు. ఆ ఎండలో, జీవితంలో మొదటిసారి నూకాలమ్మకు చెప్పడానికి ఏమీ దొరకలేదు. సిగ్గుతో తల దించుకుంది.

పోలీసు పకపకా నవ్వాడు. "ఇప్పుడు నమ్మాను! మా ఇంట్లోనూ ఇంతే. అమ్మ మందుల పేర్లన్నీ నా భార్యకి నోటికొచ్చు. దాని తండ్రి పేరు మా అమ్మనడిగితే ఆకాశం చూస్తుంది. అసలు సిసలు అత్తవి నువ్వు. పోండి, పోండి."

స్కూటీ కదిలింది. నీలవేణి భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. నూకాలమ్మకు నవ్వు రాలేదు. ఆ మాట చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. ఏడాదిన్నర ఈ పిల్ల వీపు వెనకాల కూచుంది. మందులు, తిండి, ఏడుపు అన్నీ ఆ వీపు మీద వేసింది. తిన్నావా అని ఒక్కనాడు అడిగింది లేదు.

"ఒలే నీలవేణీ, మీ నాన్న పేరేటే?"

"ఇప్పుడెందుకత్తా, పోలీసోడు ఒగ్గేసినాడు గదా!"

"సెప్పవే."

"అప్పలస్వామి."

"పిల్లలు?"

"ఒకర్తే. వెన్నెల. ఎనిమిదో క్లాసు." స్పీడు తగ్గించి నీలవేణి అంది, "దానికి లెక్కలు రావత్తా. రేతిరంతా ఏడిసినాది."

నూకాలమ్మ కుడి చెయ్యి ఆ పిల్ల నడుం చుట్టూ బిగించింది. ఆస్పత్రి గేటు ఇంకా దూరంగా ఉంది.

"సెప్పు," అంది. "ఇంటన్నాను."