బీడును రుబ్బిన చట్నీ జారు

నేను ఒక మిక్సీ జారును. మూడింటిలో చిన్నదాన్ని, చట్నీదాన్ని. ఏదో ఫ్యాక్టరీలో స్టీలు రేకును నొక్కి, అడుగున బ్లేళ్లు బిగించి, అట్టపెట్టెలో కుక్కారు. పెట్టె మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. మిక్సీ తిరుగుతుంటే ఏ ఆడమనిషీ అలా నవ్వదు. మిరపకాయ ఘాటుకు దగ్గుతుంది.

మొదట ఒక టీచరమ్మ ఇంట్లో ఉన్నాను. ఆమె కొత్త మిక్సీ కొనుక్కుని, పాతదాంతోపాటు నన్నూ గొర్రెలు కాసే సిద్దక్కకు ఇచ్చింది. దానం చేశానని ఊరంతా చెప్పుకుంది. పాత సామాను వదిలించుకోవడాన్ని మనుషులు అలాగే పిలుస్తారు.

సిద్దక్క ఊరి పక్కన మూడు వందల ఎకరాల నేల ఉంది. ఊరి మందలన్నీ అక్కడే మేస్తాయి. కాగితాల్లో మాత్రం దాని పేరు బీడు. నడివేసవిలో జీపు దిగకుండా చూసిన మహానుభావుడెవడో అలా రాసిపోయాడు. ఇప్పుడు అక్కడ సోలార్ పలకలు పరుస్తామని ఒక కంపెనీ వచ్చింది. పంచాయతీ ఆఫీసులో ఒక నమూనా పెట్టింది. నీలం పలకలు, స్పాంజి తురిమి రంగేసిన చెట్లు, గేటు దగ్గర లాను. మిగతాదంతా ఉత్త అట్ట. గొర్రె లేదు, మనిషి లేడు. సోమవారం జనం మాట వినడానికి పెద్ద అధికారి వస్తాడు. ఆయన ఆ అట్టను నమ్మాడంటే మందలు అమ్ముకోవాల్సిందే.

"మనమూ ఒకటి చేద్దాం" అంది సిద్దక్క.

"ఏమే, బొమ్మరిల్లు ఆడుకునే వయసా నీది?" అన్నాడు మొగుడు బీరప్ప.

"నోరు మూసుకోని గెంజి కాంచు పో. అతికించేదానికి కావల్ల."

స్పాంజి ఎవడు కొంటాడు? ఆమె ఆ బీడుకే పోయి గరిక, రేగాకు, తంగేడాకు కోసుకొచ్చి, రంగు పోకుండా నీడలో ఆరబెట్టి నాలో కూరింది. బీరప్ప మీట నొక్కి వదల్లేదు. అడవి మొత్తం ముక్కుపొడుం అయింది.

"ఒక తిప్పు తిప్పి ఆపల్ల, మొద్దూ!"

ఒక్క తిప్పుకు పొదలు, మూడు తిప్పులకు గడ్డి. టీ జల్లెడతో జల్లించి, గంజి పూసిన పాత తలుపు రెక్క మీద చల్లారు. శనక్కాయ పొట్టు రుబ్బితే ఎర్రనేల. అద్దం ముక్క కుంట. ఎండు వేళ్లకు ఆకుపొడి అద్దితే తుమ్మచెట్లు. గొర్రెల బొచ్చునే ఉండలు చేసి మంద నిలబెట్టారు.

సోమవారం తలుపును ఇద్దరూ మోసుకెళ్లారు. ఊడినచోట చల్లడానికి మిగిలిన పొడిని నాలో పోసి, సిద్దక్క నన్ను చంకన పెట్టుకుంది. ప్రభుత్వ సభ చూసిన చట్నీ జారు నాకు తెలిసి నేనొక్కదాన్నే.

"అక్కడ ఏమీ మొలవదు సార్" అని కంపెనీ ఆయన తమ నమూనా పక్కన నిలబడి చెప్తున్నాడు. అధికారి తలాడిస్తున్నాడు. సిద్దక్క లేచినప్పుడల్లా "తర్వాతమ్మా, తర్వాత" అని కూర్చోబెడుతున్నారు. ఇంతలో వీధిలోని మేక ఒకటి షామియానాలో దూరి, మా తలుపు పెట్టిన బల్ల మీద ముందుకాళ్లు మోపి, మా తుమ్మచెట్లను నమలడం మొదలుపెట్టింది. బంట్రోతు కర్రెత్తాడు.

"అయ్యో, వారం కష్టం!" అని బీరప్ప పరిగెత్తాడు.

సిద్దక్క అడ్డం నిలబడింది. "కొట్టొద్దప్పా, తిననీ. సారూ, ఏమీ మొలవదంట కదా! మేము సల్లినేదంతా ఆ బీడులో మొలిసిందే. దీన్ని ఆ కంపెనీ బొమ్మ కాడికీ తోల్తా. ఏది తింటే అది రాసుకో."

మేక స్పాంజి చెట్టును కొరికింది, ఉమ్మింది, లాను మీద నాలుగు పెంటికలు వేసి మా తలుపు దగ్గరికే తిరిగొచ్చింది. జనం పడీపడీ నవ్వారు. అధికారి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"ఇదంతా ఎక్కడ కోశావమ్మా?"

"నడువు, సూపిస్తా."

నడిచాడు. కంపెనీ ఆయన ఎండగా ఉందని కారులోనే ఉండిపోయాడు. గంట తర్వాత అధికారి కుంట గట్టున కూర్చుని ప్యాంటుకు గుచ్చుకున్న పల్లేరుకాయలు పీక్కుంటూ, నివేదికలో బీడు అన్న మాట కొట్టేసి మేత నేల అని రాశాడు.

"గట్టిగా సదువు సారూ" అంది సిద్దక్క. చదివాడు. "ఇంగోసారి." మళ్లీ చదివాడు.

కంపెనీ ఇంకా పోలేదు, కోర్టుకెళ్లిందట. గడ్డి కోసీ కోసీ నా బ్లేళ్లు మొద్దుబారాయి. చట్నీకి పనికిరానని అటకెక్కించారు. ఆ నివేదిక నకలును సిద్దక్క నాలుగు మడతలు పెట్టి, ఎలుకలు కొట్టకుండా నాలో దాచి మూత బిగించింది. నాలో పడి ముక్కలు కానిది అదొక్కటే.