ఉంగరం తీయని చెయ్యి

పొదిగే పెట్టెలో అరవై గుడ్లున్నాయి. ఆ రోజుకి ఇరవయ్యో రోజు. తెల్లారేసరికి పిల్లలు పెంకులు పగలగొట్టుకుని రావాలి. ఈలోగా పెట్టెలో బల్బు ఆరిపోయిందా, అంతే సంగతులు. కోడిపిల్లలు అమ్ముకుని బతికే ఆ అత్తాకోడళ్లకి మూడు వారాలుగా పెట్టె దగ్గరే కాపలా.

మధ్యాహ్నం ఒకతను తలుపు తట్టాడు. ఖాకీ చొక్కా, మెడలో కార్డు.

"కరెంటాఫీసు నుంచమ్మా. రెండు నెలల బకాయి ఉంది. పది నిమిషాల్లో కట్టకపోతే ఫ్యూజు పీకేస్తా."

ఆ చొక్కా కనిపిస్తే చాలు, అత్తకి మనసు మెత్తబడిపోతుంది. ఆవిడ భర్త ముప్ఫై ఏళ్లు లైన్‌మన్‌గా చేశాడు. ఆయన పోయి ఐదేళ్లయినా ఆ రంగు చొక్కా తొడుక్కున్న వాళ్లంతా ఆవిడకి అయినవాళ్లే. కార్డు చూడలేదు, కాగితం అడగలేదు. "ఎండన పడి వచ్చావు, లోపలికి రా నాయనా" అంటూ కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది.

"బిల్లు మొన్నే కట్టాం కదండీ?" అంది కోడలు.

"అది వేరే లెక్క. ఈ నంబరుకి డబ్బు పంపి, మీ ఫోనులో వచ్చే అంకెలు నాకు చెప్పండి."

"రేపటి దాకా ఆగు బాబూ, గుడ్లు పొదగేశాం" అని బతిమాలింది అత్త.

"అయితే ఆమ్లెట్లు వేసుకోండి" అని నవ్వి, అతను మీటరు దగ్గరికి నడిచాడు. కోడలు ఫోను తీసింది.

అతను ఫ్యూజు మీదికి చెయ్యి చాపాడు. వేలికి లావుపాటి ఉంగరం, మణికట్టుకి స్టీలు గడియారం.

అత్త చూపు ఆ చేతి దగ్గరే ఆగిపోయింది. రోజూ పనికి బయల్దేరేటప్పుడు భర్త తన ఉంగరం తీసి ఆవిడ అరచేతిలో పెట్టేవాడు. తీగ ముట్టుకునేవాడి ఒంటి మీద లోహం ఉండకూడదట. "ఇది నీ దగ్గరుంది కదా, తిరిగి రాక ఎక్కడికి పోతానే" అనేవాడు.

"అమ్మాయ్, ఫోను లోపల పెట్టు."

"అత్తయ్యా, ఫ్యూజు పీకేస్తాడు!"

"పీకడు. ఆ పని వాడికి రాదు." అతని వైపు తిరిగింది. "ముందు ఆ ఉంగరం తియ్యరా. షాకు కొడితే ఏడ్చేది మీ అమ్మే. ఈలోగా బిల్లు మీదున్న నంబరుకి ఫోను చేసి మీ ఆఫీసువాళ్లతో మాట్లాడతాను."

చాపిన చెయ్యి వెనక్కి వచ్చింది. "మళ్లీ వస్తా" అని గొణుక్కుంటూ అతను మెట్లు దిగి పోయాడు.

అత్త తలుపు గడియ వేసి ఆఫీసుకి ఫోను చేసింది.

"మీకు బకాయేం లేదమ్మా" అంది అవతలి అమ్మాయి. "గుమ్మంలో నిలబడి డబ్బడిగేవాడు, ఫోనులో అంకెలు అడిగేవాడు మా మనిషి కాదు. పోలీసులకి కూడా చెప్పండి."

ఆవిడ ఫోను పెట్టేసింది. అతనికి వేసిన కుర్చీలోనే కూలబడింది.

"దొంగని నేనే పిలిచి కూర్చోబెట్టానే. చొక్కా చూసి బోల్తాపడ్డాను."

కోడలు పక్కనే నేల మీద కూర్చుని ఆవిడ మోకాలి మీద తల ఆనించింది. "మీరు చూసింది చొక్కాని కాదులెండి, మామయ్యని."

అత్త కోడలి జుట్టు నిమిరింది.

పెట్టెలోంచి సన్నగా కిచకిచ వినిపించింది. ఇద్దరూ లేచి వంగి చూశారు. ఒక గుడ్డుకి చిన్న చిల్లు, అందులోంచి ముక్కు కొస.

"నిదానంగా రా తల్లీ" అంది అత్త. "తొందరేం లేదు. కరెంటు ఉందిలే."