మట్టయ్య పంచాయితీకి వచ్చిన సింధూర

సూర్యప్రభగారి నవలలో సింధూర కాపురం చెడడానికి పెద్ద కారణమేమీ కనిపించదు. మొగుడు కొట్టడు, తాగడు, ఇంకో మనిషి జోలికి పోడు. సగం పుస్తకం ఆమె వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తూనే ఉంటుంది. చివరి పేజీలో పెట్టె పట్టుకుని వెళ్లిపోతుంది.

"పుస్తకంలో అయితే సరే ఆంటీ. స్టేజీ మీద అరగంట కిటికీలోంచి చూస్తూ నిలబడితే జనం లేచి మెట్రో ఎక్కేస్తారు" అంది మృదుల.

మృదుల మా పై వాటాలో ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. నాటకాలంటే పిచ్చి. ఆ నవలను నాటకంగా రాసిందీ, సింధూర వేషం వేసిందీ తనే. మొగుడి వేషం అక్కడే ఫిజిక్స్ చెప్పే పట్టాభిది. తెర పక్కన నిలబడి మాటలు అందించే పని నాకిచ్చారు. నాకు వేలు పెట్టి చదివే అలవాటు కాబట్టి వరస తప్పనని మృదుల నమ్మకం.

నవల రాసిన సూర్యప్రభగారు ఎల్‌బీ నగర్‌లోనే ఉంటారు. అనుమతి అడగడానికి వెళితే ఉప్మా పెట్టి, ఒకే ఒక షరతు చెప్పారు.

"నా సింధూర ఇల్లు దాటాలమ్మాయ్. ఇదివరకు సీరియల్ తీస్తామని ఒకాయన వచ్చి, ఆఖర్న ఇద్దరినీ తిరుపతి పంపిస్తానన్నాడు. వాకిట్లోంచే పంపించేశాను. నేను ముందు వరసలో కూర్చుంటాను. రాజీ చేశారో, లేచి నాటకం ఆపేస్తాను."

"రాజీ ప్రసక్తే లేదండీ" అని మృదుల మాటిచ్చింది.

కిటికీ దగ్గరి ఆలోచనలన్నీ మాటల్లోకి తేవాలి కదా. అందుకని ఆఖరి రంగంలో పెద్దమనుషుల పంచాయితీ ఒకటి కల్పించింది. పెద్దమనిషి సర్దుకుపొమ్మంటాడు. సర్దుకోవడానికి ఇంకేమీ మిగల్లేదని సింధూర పెట్టె తీసుకుంటుంది. కాగితం మీద బాగానే ఉంది. చిక్కల్లా ఆ పెద్దమనిషి వేషం మట్టయ్యకు ఇవ్వడంతో వచ్చింది.

మట్టయ్యది నల్గొండ దగ్గర పల్లె. ఎల్‌బీ నగర్‌లో టెంట్ హౌస్ నడుపుతాడు. రిహార్సల్‌కు దాని పైగది ఇచ్చాడు. తెరలు, లైట్లు, కుర్చీలు అన్నీ ఆయనవే. కిరాయి వద్దన్నాడు, వేషం ఒకటి కావాలన్నాడు. పైగా నిజంగానే పంచాయితీలు చేసే మనిషి. ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాళ్లలో ఆలుమగలకు తగువొస్తే ఆయన దగ్గరికే వస్తారు.

మొదటి రోజే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముందుగాల చాయ్ దెప్పియ్యిండ్రి. చాయ్ లేకుంట పంచాయితేంది?"

ఆయన భార్య అండాలమ్మ కెటిల్‌తో చాయ్ తెచ్చింది. మట్టయ్య ఒక గుక్క తాగి, మృదుల వైపు తిరిగాడు.

"చెప్పు బిడ్డా. నీకేం గావాలె?"

ఆ మాట రాతలో లేదు. మృదుల తడబడింది. "ఆయన నాతో సరిగ్గా మాట్లాడరండీ."

"ఇన్నవా? మాట్లాడుతవా లేదా?"

"మాట్లాడతానండి" అన్నాడు పట్టాభి.

"ఇంకేంది బిడ్డా?"

"పుట్టింటికి పంపరు."

"పంపుతవా?"

"పంపుతానండి."

"ఇంకేంది?"

మృదులకు ఇంకేమీ తోచలేదు. మట్టయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అయిపాయె. పెట్టె లోపల వెట్టు బిడ్డా."

"మీరెందుకు ఒప్పుకుంటున్నారండీ?" అని మృదుల పట్టాభి మీద పడింది.

"ఆయన అలా చూస్తుంటే కాదనలేకపోతున్నానండీ" అన్నాడు పట్టాభి.

ప్రతి రిహార్సల్లోనూ ఇదే తంతు. సింధూర పెట్టె ఏనాడూ గడప దాటలేదు. ఒకరోజు మృదుల బతిమాలింది. "మట్టయ్యగారూ, కథలో ఆమె వెళ్లిపోవాలండీ."

"మొగడు ఒప్పుకున్నంక ఎందుకు పోవాలె? నా పంచాయితీల ఒక్క జంట ఇడిపోలె. సూడనీకి మా ఊరోళ్లంత వస్తరు. వాళ్ల ముంగట పిల్ల పెట్టె వట్టుకొని పోతే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఊరోళ్ల ఇండ్లన్నీ సక్కదిద్దుతడు" అంది అండాలమ్మ గ్లాసులు ఏరుకుంటూ. "మా ఇంట్ల నల్లా ఖరాబై ఎన్ని దినాలాయెనో అడుగుండ్రి."

ఆఖరికి మృదుల కళ్లనీళ్లు చూసి మెత్తబడ్డాడు. "సరే. రాసింది రాసినట్టే జెప్త. ఒట్టు."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కమ్యూనిటీ హాలు తీసుకున్నాం. ముందు వరసలో సూర్యప్రభగారు హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వెనక వరసలన్నీ మట్టయ్య మనుషులే. నాటకం బాగా సాగింది. కిటికీ దగ్గర ఉత్త చేతులతో నిలబడితే వెలితిగా ఉంటుందని మృదుల ప్రతి రంగంలోనూ చాయ్ గ్లాసు పట్టుకుంది. నిజం చాయే, అండాలమ్మ పెట్టింది. మొగుడు కాఫీ తాగి పేపరు చదువుకుంటాడు. ఆమె కిటికీ దగ్గర చాయ్ తాగుతూ తనలో తాను మాట్లాడుకుంటుంది.

పంచాయితీ రంగం వచ్చింది. తెల్ల ధోవతి కట్టుకుని మట్టయ్య స్టేజీ మీదికి రాగానే వెనక నుంచి ఈలలు.

"మట్టన్నా! పిల్ల జర పరేషాన్ల ఉన్నది, నువ్వే సూడాలె!" అని ఎవరో కేకేశారు.

అంతే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టాడు.

"చెప్పు బిడ్డా. నీకేం గావాలె?"

మృదుల నా వైపు చూసింది. నా వేలు కాగితం మీద సర్దుకుపొమ్మనే మాట దగ్గర ఉంది. ఇప్పుడది అందించి ఏం లాభం? సూర్యప్రభగారు బ్యాగు ఒళ్లోంచి తీసి భుజానికి తగిలించుకున్నారు.

అప్పుడు నాకు మా ఆయన గుర్తొచ్చారు. బతికుండగా ఎంతో పోట్లాడుకున్నాం. మాటలు మానేసిన రోజులూ ఉన్నాయి. అలాంటి రోజుల్లో కూడా సాయంత్రం వేయించిన బఠాణీల పొట్లం పొయ్యి పక్కన పెట్టి పోయేవారు. నాకవి ఇష్టమని నేనేనాడూ చెప్పలేదు.

"నీకేం ఇష్టమో నీ మొగుణ్ణి అడగమను" అని అందించాను.

మృదుల మట్టయ్య వైపు తిరిగింది. నింపాదిగా అంది. "నాకేం కావాలో చెప్తాను పెద్దయ్యా. ముందు నాకేం ఇష్టమో ఆయన్ని అడగండి."

పంచాయితీలో రెండు వైపులా అడగాల్సిందే. మట్టయ్య తలూపాడు. "అడుగుత. ఎందుకడుగ? చెప్పయ్యా, పిల్లకు ఏమిష్టం?"

పట్టాభి కంగారుగా నా వైపు చూశాడు. నేను కాగితాలు మూసేశాను.

"కాఫీ అండి" అన్నాడు.

"ఓ సారూ!" మూడో వరసలోంచి అండాలమ్మ లేచింది. "మొదటిసంది పిల్ల చాయ్ తాగుతనే ఉన్నది! నేనే పెట్టిన!"

హాలంతా గొల్లుమంది. మట్టయ్య మాత్రం నవ్వలేదు.

"ఇంకోటి చెప్పు. పిల్ల దోస్తు పేరేంది?"

పట్టాభి నేల చూశాడు.

"పోనీ, అటు సూడకుంట చెప్పు. కట్టుకున్న చీర ఏం రంగు?"

"నీలం... కాదండీ, పసుపు."

చీర ఆకుపచ్చది. వెనక ఆడవాళ్లు "అయ్యయ్యో" అన్నారు. పట్టాభి నటించడం లేదు పాపం, నిజంగానే చూసుకోలేదు.

 మట్టయ్య లేచి సింధూర పెట్టె అందుకున్నాడు. ఎప్పటిలాగే లోపల పెట్టేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం పెట్టె పట్టుకుని గడప దగ్గరికి నడిచాడు.

"నడువు బిడ్డా. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాంక నేనొస్త. బస్సెక్కిచ్చి పోత."

ఇద్దరూ గడప దాటారు. తెర పడింది. ఈలలకు పైన రేకులు అదిరాయి.

"సూసిన్రా?" తెర వెనక మట్టయ్య చెమట తుడుచుకుంటూ అన్నాడు. "పిల్ల తనంతట తాను పోలె. నేనే పంపిన."

సూర్యప్రభగారు లోపలికి వచ్చారు. మృదుల ఎదురు వెళ్లింది.

"నా పుస్తకంలో ఈ పెద్దమనిషి లేడమ్మాయ్."

"క్షమించండి..."

"ఉంటే బాగుండేది. పాపం, నా సింధూర ఒక్కతే మోసుకుంది ఆ పెట్టె." ఆవిడ మృదుల బుగ్గ తట్టి, బ్యాగులోంచి రుమాలు వెతుక్కున్నారు. "ఇంకోచోట ఎప్పుడు వేస్తారు?"

జనం వెళ్లిపోయాక మట్టయ్య కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. అండాలమ్మ నడుం మీద చేయి పెట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యో, పంచాయితి పెద్దమనిషీ. నాకేం ఇష్టమో జర జెప్పు."

మట్టయ్య చేతిలో కుర్చీ గాల్లోనే ఆగింది. మెల్లగా తల తిప్పి, మాట అందిస్తానేమోనని నా వైపు చూశాడు.

నేను కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాను.