పొయ్యి మీద పొడి

ఇంట్లోకి గ్యాసు పొయ్యి వచ్చినా, అవ్వ విత్తనం కంకుల్ని ఎప్పటిలాగే పొయ్యికి పైన దూలానికి కట్టింది. అవి వాళ్లమ్మ కాలం నాటి జొన్నలు. జమ్మలమడుగు చుట్టుపక్కల ఇంకెవరూ వేయరు. నాన్న ఈసారి చేనంతా శనగ వేశాడు. మిగిలింది ఆ నాలుగు కంకులే.

పోయినేడు అవ్వ చేను మూలన వేసిన జొన్న ఆకుల్ని, ప్రొద్దుటూరు కాలేజీ నుంచి వచ్చిన వాసవి మేడం తడి కాగితంలో చుట్టి తీసుకుపోయింది. ఒకే పంటలో కూడా రకాన్ని బట్టి డిఎన్‌ఎ కొంచెం ఎక్కువ తక్కువ ఉండొచ్చని, అది కొలుస్తామని చెప్పింది. మొన్న ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఫోన్ చేసింది.

"మీ జొన్నలో మిగతావాటి కంటే ఎక్కువ వచ్చింది. కొత్త పాఠమేం కాదులే, ఉన్న పాఠాన్నే మళ్లీ మళ్లీ రాసుకున్నట్టు. కానీ ఒక్కసారి కొలిస్తే చాలదు. విత్తనం మొలకెత్తించి లేత ఆకులు పంపండి."

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "నా జొన్నలో ఎక్కువుందంటనా?"

"ఆ, ఎక్కువే. నమిలేకి పండ్లు ఎక్కువ కావల్ల," అంది అమ్మ.

"పండ్లు లేనిదాన్ని నేనే తింటాండా. నీకేమొచ్చె?"

స్టూలెక్కి కంకులు దించాను. చేతికి బరువు తగల్లేదు. ప్రతి గింజకూ సన్నని బెజ్జం. నలిపితే తెల్లటి పొడి రాలింది.

రోజూ పొద్దున పొయ్యి మీద ఉండేది ఆ పొడే. రొట్టెలు చేసేది నేను కాబట్టి, "పిండి చల్లుతాండావా, ముగ్గేస్తాండావా?" అని అమ్మ తిట్టి తుడిచేసేది. నేనూ నిజమేననుకున్నాను. కట్టెల పొగ ఉన్నన్నాళ్లూ ఆ కంకులకు పురుగు పట్టలేదు. పొగ పోయాక, కళ్లు మండడం లేదని సంతోషపడ్డామే గాని కంకుల సంగతి ఎవరికీ తోచలేదు.

గట్టిగా కనిపించిన గింజలు ఏరి తడి గుడ్డలో కట్టాం. అవ్వ ప్రార్థన చేసింది. పూటపూటకీ విప్పి చూసింది. చివరికి అన్నీ బూజు పట్టాయి.

కొత్తవాళ్లతో నాకు మాట రాదు. అయినా ఫోన్లో నేనే చెప్పాల్సి వచ్చింది. "మొలవలేదు మేడం."

"రెండోసారి కొలవకుండా నా పరిశోధనలో రాయలేను తల్లీ. లెక్కలోంచి మీ జొన్నను తీసేయాల్సిందే."

అవ్వ ఆ గుడ్డను ఉతికి దండెం మీద ఆరేసింది. "ఎక్కువుందనిరి గదా పాపా. యాడబోయె ఆ ఎక్కువ?"



ఈరోజు పొద్దున రొట్టెలు చేయడానికి వెళ్లాను. ఖాళీ కంకుల్ని అవ్వ మళ్లీ అక్కడే కట్టింది. పొయ్యి మీద పొడి లేదు. పురుగుకు కూడా ఇంక తినడానికేమీ మిగల్లేదు.